పీపా అడుగున తల్లి

దెబొరా చేసిన తప్పల్లా పీపాను శుభ్రంగా కడగడమే. అదీ ఒకసారి కాదు, మూడుసార్లు. ఏడేళ్లు ఊరిన విన్ శాంతో తీపి వైనును సీసాల్లోకి దించాక అడుగున మిగిలిన నల్లటి చిక్కటి మడ్డిని చూసి, అయ్యో, ముసలావిడకు ఓపిక లేక వదిలేసినట్టుందనుకుంది. వేడినీళ్లు పోసి, సోడా చల్లి, బ్రష్షు కుచ్చు ఊడేదాకా తోమి, ఎండలో ఆరబెట్టి, నలుగురూ చూడాలని గుమ్మం ముందు నిలబెట్టింది. ఫ్లోరెన్సు నుంచి ఆ ఇంటికి కోడలుగా వచ్చి ఆరు నెలలే అయింది. మంచిపేరు తెచ్చుకోవాలని ఆ పిల్ల తాపత్రయం.

ఆ మడ్డినే అక్కడివాళ్లు తల్లి అంటారు. పెరుక్కి తోడు ఎలాగో విన్ శాంతోకు అది అలాగ. అక్టోబరులో కోసి అటక మీద ఆరబెట్టిన ద్రాక్షను ఈస్టరు ముందు వారంలో పిండుతారు. ఆ రసాన్ని తల్లి మీద పోసి, పీపా బిగించేసి, ఏళ్ల తరబడి దాని జోలికి పోరు. తోడైతే పక్కింట్లో అడిగి తెచ్చుకోవచ్చు. తల్లి అలా కాదు, వియ్యమందుకున్న ఇంటికి తప్ప గడప దాటదు.

ఇంటి పెద్దావిడ ఆర్జియాకు ఎనభై ఎనిమిదేళ్లు. గుమ్మం ముందు తళతళలాడుతున్న పీపాను చూసి కుర్చీలో కూలబడింది. సాయంత్రానికి నోరు తెరిచింది.

"ఫ్లోరెన్సు వాళ్లు ఎనిమిది వందల ఏళ్లుగా మన సియెనాను నాశనం చెయ్యాలని చూస్తూనే ఉన్నారు. కత్తులతో వచ్చి చెయ్యలేనిది ఈ పిల్ల బ్రష్షుతో చేసింది."

దెబొరా ఏడుస్తూ లోపలికి పరిగెత్తింది. ఆర్జియా కూతురు ఇల్వా, యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఆ పిల్లను ఓదార్చడానికి లేచింది.

"నువ్వు కూచోవే," అంది ఆర్జియా. "అది ఏడ్చి ఏడ్చి ఊరుకుంటుంది. నువ్వు పొద్దున్నే లోరియానో ఇంటికి వెళ్లు. మన తల్లి అక్కడుంది."

"నేను వెళ్లను."

"అయితే నన్ను నీ సైకిలు మీద ఎక్కించుకుని తీసుకెళ్లు."

"అన్నయ్యను పంపొచ్చుగా?"

"మీ అన్న అతనితో మాట్లాడి ముప్పై ఏళ్లయింది. నీ కోసమే కదే మానేశాడు." ఆర్జియా గొంతు తగ్గింది. "పిండిన రసం ఇంకో రెండు రోజులు ఆగుతుందేమో. ఈ పీపా మళ్లీ తెరిచేనాటికి నేనెలాగూ ఉండను. దానికి నాకేం బాధ లేదు. కానీ పైకెళ్లాక మీ నాన్న అడుగుతాడు. ఇంట్లో తల్లి పోయిందని ఏ మొహంతో చెప్పను?"

ముప్పై రెండేళ్ల కిందట ఒక ఈస్టరు నాడు ఇల్వా నాన్న స్వయంగా ఒక సీసాడు తల్లిని లోరియానో ఇంటికి మోసుకెళ్లి ఇచ్చాడు, కాబోయే అల్లుడని. ఆ వేసవిలోనే ఉత్తరాదిలోని ఒక ఆడవాళ్ల సైకిలు జట్టు ఇల్వాను పిలిచింది. రెండేళ్ల ఒప్పందం. లోరియానో నాన్న మంచం పట్టి ఉన్నాడు, తోట చూసుకోవడానికి ఇంకెవరూ లేరు. "రెండేళ్లు ఆగగలవా?" అని ఆమె అడిగింది. "ఆగలేను," అని అతను ఉన్నమాట చెప్పాడు. ఆమె వెళ్లింది. విరిగి అతికిన జబ్బ ఎముకతో, అరచేతిలో పట్టేంత బహుమతి కప్పుతో తిరిగొచ్చేసరికి అతనికి మిరెల్లాతో పెళ్లయిపోయింది. ఎవరూ మోసం చెయ్యలేదు, అబద్ధమాడలేదు. తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికుంటే తేరుకోవడానికి ఇల్వాకు అన్నేళ్లు పట్టేది కాదు.

ఇప్పుడామె బతుకుతెరువు కూడా సైకిలే. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ప్రతి గురువారం, కంకర దారుల్లో తొక్కే లావు టైర్ల గ్రావెల్ సైకిళ్ల మీద విదేశీయులను వెంటేసుకుని, రోముకు పోయే పాత యాత్రికుల బాట వెంట ద్రాక్షతోటల మధ్య తిప్పుతుంది. బ్వాన్‌కొన్వెంతో ఊరి దగ్గర బాట రెండుగా చీలుతుంది. దారి చూపే పలక మీది యాత్రికుడి బొమ్మ ఎడమకు పొమ్మంటుంది. ఆ దారి లోరియానో గేటు ముందు నుంచి పోతుంది. ఇల్వా మాత్రం గుంపును కుడికి తిప్పుతుంది, నిట్టనిలువు గుట్ట మీదికి. జర్మన్లు తిట్టుకుంటారు, డచ్చివాళ్లు దిగి తోసుకుంటారు. పైనుంచి చూడ్డానికి బాగుంటుందని ఆమె చెబుతుంది. పైనుంచి కనిపించేది ఒక కోళ్లఫారం.

మర్నాడు పొద్దున్నే బయల్దేరింది. అన్నయ్య కారు ఖాళీగానే ఉంది. కారులో వెళ్తే పనిగట్టుకుని వెళ్లినట్టుంటుంది, సైకిలు మీదైతే దారిన పోతూ ఆగినట్టుంటుంది. రెండు సీసాలు తగిలించుకుంది. ఒకదాంట్లో తాగే నీళ్లు. రెండోది సలసల కాగే నీళ్లతో కడిగి, మూడుసార్లు వాసన చూసుకున్న ఖాళీ సీసా.

ఇరవై ఆరు కిలోమీటర్ల తెల్ల కంకర దారి. గోధుమ చేలు మోకాలెత్తు పచ్చగా ఉన్నాయి, ద్రాక్ష తీగలకు ఇంకా వేలి గోరంత చిగురే. ట్రాక్టర్లు నలగ్గొట్టిన చోట్ల దారి దువ్వెన పళ్లలా తేలి, చేతుల ఎముకలు గిలక్కాయల్లా ఊగాయి. వీపున మూటలతో నడుస్తున్న ముసలి దంపతులను దాటింది. తల్లి కోసమే వెళ్తున్నానని తనకు తాను ఎంత చెప్పుకున్నా, ఆమె తేల్చుకోవాల్సింది వేరే ఉంది. తన ఇంటి నుంచి వెళ్లినది ఆ ఇంట్లో ఇంకా బతికుందా, లేక అతను ఎప్పుడో పారబోశాడా? పారబోసి ఉంటే ఏం చెయ్యాలో ఆమెకు తెలీదు. ఉంటే ఏం చెయ్యాలో అసలే తెలీదు.

చీలిక దగ్గర ఎడమకు తిరిగింది. కాళ్లు మాత్రం అలవాటుగా కుడికే లాగాయి.

గేటు పక్కన నీడలో ఒక బల్ల, దాని మీద నీళ్ల కూజా. ఏప్రన్ కట్టుకున్న ఒకావిడ, వేళ్లకు నీలం సిరాతో, ఈ దారిన వచ్చినట్టు యాత్రికుల పుస్తకాల్లో వేసే ముద్ర తుడుస్తోంది.

"రండమ్మా, మీ పుస్తకం ఇటివ్వండి, ముద్ర వేస్తా," అని తలెత్తింది. ఇల్వా హెల్మెట్ తీసింది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఇల్వావి కదూ. ఇవాళ గురువారం కాదే?"

ఇల్వా సైకిలును గేటుకు ఆనించింది.

"ఎదుటి గుట్ట మీద దుమ్ము లేస్తుందిలే గురువారాలు," అంది మిరెల్లా. "పదకొండింటికి. సరిగ్గా అప్పుడే మా ఆయనకు నడుం పట్టేస్తుంది. తోటలో కత్తెర కింద పడేసి, నిటారుగా నిలబడి అటే చూస్తాడు. గురువారం గురువారం, అదీ పదకొండింటికే పట్టే నడుం నేనెక్కడా చూళ్లేదు తల్లీ."

ఇల్వా ముఖం ఎర్రబడింది. సిగ్గుపడాలో సంతోషించాలో తెలీక, వచ్చిన పని గబగబా చెప్పేసింది. ఫ్లోరెన్సు కోడలు, సోడా, బ్రష్షు, అన్నీ. బ్రష్షు దగ్గర మిరెల్లా నవ్వాపుకోలేకపోయింది. నవ్వు అయ్యాక కొంగరెక్కలాంటి తన తెల్ల జుట్టు వెనక్కి తోసుకుని, "బతికే ఉంది. నేనే చూసుకుంటున్నా," అంది. "మేమూ నిన్ననే పీపా తెరిచాం." ఇంట్లోకి తిరిగి కేకేసింది. "లోరియానో! జాడీ పట్టుకురా. తల్లినిచ్చిన వాళ్లమ్మాయి వచ్చింది."

గాజు జాడీని రెండు చేతులా పొదివి పట్టుకుని లోరియానో బయటికొచ్చాడు. సన్నబడ్డాడు. కళ్లజోడు దారానికి వేలాడుతోంది. ఇల్వాను చూసి, సైకిలును చూసి, మళ్లీ ఇల్వాను చూశాడు.

"ఇవేం టైర్లే బాబూ! సైకిలా, ట్రాక్టరా?"

"ట్రాక్టరైతే ఈ తోట నేనే దున్నేదాన్ని, నీకెందుకు వదిలేస్తాను?" అంది ఇల్వా. అన్నాక ఎందుకన్నానా అనుకుంది.

"అమ్మ ఎలా ఉంది?"

"బాగుంది. తిడుతోంది."

"అయితే బాగున్నట్టే."

ఇల్వా ఖాళీ సీసా పట్టుకుంటే అతను వంచాడు. తల్లి నెమ్మదిగా, తారులా దిగింది. ఎండు అంజీర వాసన, అక్రోటు వాసన, నాన్న అటక వాసన. సీసా నిండింది. జాడీలో ఇంకా సగం ఉంది. పద్ధతి ప్రకారం లోరియానో జాడీ నిలబెట్టాడు.

"మొత్తం పొయ్యి," అంది మిరెల్లా.

"ఇచ్చిన ఇంట్లో కొంత మిగలాలి మిరెల్లా. అది పద్ధతి."

"పద్ధతులు నాకు నేర్పకు." ఆవిడ గొంతు పెంచలేదు. "మన పెళ్లయిన ఏడాది మా నాన్న మా ఇంటి తల్లిని సీసాలో పెట్టుకుని కొండ దిగొచ్చాడు. నువ్వేమన్నావ్? పీపాలో ఒకటుంది, రెండు కలపకూడదన్నావ్. ఆయన ఆ సీసా పట్టుకుని వెనక్కి నడిచి వెళ్తుంటే ఈ గేటు దగ్గరే నిలబడి చూశాను. అప్పట్నుంచీ క్రిస్మస్‌కు, పిల్ల పెళ్లికి, నా చేత్తో నేను పోసిన ప్రతి గ్లాసూ ఈవిడ పుట్టింటిది. ఏనాడైనా నోరెత్తానా? ఇవాళ ఆవిడే వచ్చి అడిగింది. మొత్తం పొయ్యి. రేపు మా అన్న మాది తెస్తాడు."

లోరియానో జాడీ వైపే చూస్తూ నిలబడ్డాడు. ఇల్వాకు ఒక్క చెంచాడైనా ఉంచమనాలని ఉంది. అడుగున అంటుకున్నంతైనా. అది అక్కడుందన్న సంగతి ఆమెకు తెలిసి గంట కూడా కాలేదు. ఆ గంటలో ముప్పై ఏళ్ల ఆకలి తీరినట్టుగా ఉంది, ఇంకా తీరనట్టుగానూ ఉంది. మిరెల్లా సిరా వేళ్లు ఏప్రన్ అంచును మెలిపెడుతున్నాయి. ఆమెకూ ఆకలే, ఇల్వాకు ఎదురుగా కనిపించింది.

ఇల్వా నీళ్ల సీసా తీసి, మూత విప్పి, నీళ్లన్నీ గేటు పక్కనున్న గులాబీ మొదట్లో పోసేసింది. మిరెల్లా శుభ్రమైన గుడ్డ అందించింది. ఇల్వా లోపలంతా తుడిచి, సీసా చాచింది.

"మొత్తం పొయ్యి, లోరియానో."

అతను పోశాడు. చివర్లో చెక్క గరిటెతో గీకి మరీ పోశాడు. మిరెల్లా ఖాళీ జాడీ తీసుకుని, "దారిలో దాహమేస్తుంది, కడుపునిండా తాగి వెళ్లు," అని గ్లాసునిండా నీళ్లు ఇల్వా చేతిలో పెట్టి లోపలికి వెళ్లింది. అంత త్వరగా రాలేదు కూడా.

లోరియానో సైకిలు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ముందు టైరు నొక్కి చూశాడు.

"గాలి మరీ ఎక్కువుంది. దిగుడులో ఎగిరెగిరి పడితే తల్లి చెడుతుంది," అని, గోరుతో వాల్వు నొక్కి కాస్త వదిలాడు, నొక్కి చూశాడు, ఇంకాస్త వదిలాడు. తర్వాత వెనక టైరు. ఆ పనికి అంతసేపు పట్టదు.

"నాకింకా బాధగానే ఉంటుంది లోరియానో," అంది ఇల్వా.

"నాకూ ఉంటుంది," అన్నాడు అతను టైరు మీంచి తల ఎత్తకుండా. "ఇక వెళ్లు."

మెత్తబడ్డ టైర్లు కంకరను పట్టి పట్టి వదిలాయి. ఎత్తుల్లో సైకిలు బురదలో నడిచినట్టు నడిచింది. నోరు ఎండిపోయింది. పంపు ఆమె వీపు జేబులోనే ఉంది. రెండు నిమిషాలు ఆగి గాలి కొట్టుకుంటే రెండు గంటల్లో ఇల్లు చేరేది. ఇల్వా మూడున్నర గంటలు తొక్కింది.