హమ్ పోయింది

రేడియో మెకానిక్ తన పాతికేళ్ల వయసులో సొంతంగా కట్టిన వాల్వు ప్రీయాంప్ అది. రికార్డు మీద ముల్లు ఎత్తుకొచ్చే పీలగొంతును పెంచి స్పీకరుదాకా పంపడం దాని పని. దాంతోపాటు గుంయ్‌మనే హమ్‌ను ఉచితంగా ఇచ్చేది. నలభై ఏళ్లు ఎవరూ ఆ హమ్ గురించి పట్టించుకోలేదు. అతని అక్క పోయాక బావ పట్టించుకున్నాడు.

అక్క గొంతు మిగిలింది ఒకే ఒక్క రికార్డులో. పెళ్లయిన కొత్తలో తమ్ముడి షాపుకొచ్చి, అతను ముచ్చటపడి కొన్న రికార్డింగు మిషను ముందు కూర్చుని మూడు నిమిషాలు మాట్లాడింది. బావకు ఒక చెవి ఎప్పుడో పోయింది. రెండోది ఈ ఏడాది దాటదని డాక్టరు తేల్చేశాడు.

"మీ అక్క మాట ఒక్కసారి సరిగ్గా వినిపించు. తర్వాత చెవి పోయినా ఫరవాలేదు" అన్నాడు బావ.

రెడీమేడ్ ప్రీయాంప్ తెచ్చుకుంటే పోయేదానికి ఇంత హైరానా ఎందుకని కూడా అన్నాడు. మెకానిక్‌కు ఒళ్లు మండింది. తన చేత్తో కట్టినదాన్ని తనే బాగుచేసుకోలేకపోతే ఇన్నాళ్లూ షాపులో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నట్టేనా?

కండెన్సర్లన్నీ మార్చాడు. హమ్ తగ్గలేదు. ట్రాన్స్‌ఫార్మర్‌ను పీకి వేరే పెట్టెలో పెడితే కాస్త తగ్గింది. ఎర్త్ తీగలన్నీ ఒకచోట కలిపితే మళ్లీ పెరిగింది. చివరికి మొత్తం విప్పేసి మొదటినుంచీ కట్టాడు. ప్రతి మార్పుకూ ఒక పరీక్ష. బాగా తెలిసిన గొంతుతోనే పరీక్షించాలన్నది అతని పద్ధతి. అక్క గొంతుకన్నా తెలిసిన గొంతు అతనికి ఏముంది?

ఆ రికార్డు మీదిది మెత్తటి పూత. ముల్లు తిరిగినప్పుడల్లా కొంత గీరుకుపోతుంది. అలాంటివి పదిసార్లకు మించి వెయ్యొద్దని కస్టమర్లకు చిలక్కి చెప్పినట్టు చెప్పినవాడే. కాపీ తీద్దామనీ అనుకున్నాడు, కానీ హమ్‌తో కాపీ తియ్యడం నామోషీ అనిపించింది. మాట మసకబారినట్టు తోచినప్పుడల్లా నేరం వాల్వు మీదికి నెట్టి, కొత్తది పెట్టి, మళ్లీ వేసి చూశాడు.

నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున ప్రీయాంప్ ఆన్ చేస్తే స్పీకరు కిమ్మనలేదు, హమ్ పోయింది. రికార్డు వేసి చూసేదాకా కూడా ఆగకుండా బావకు కబురు పెట్టాడు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, స్పీకరుకు చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

మెకానిక్ ముల్లు దించాడు. బరబర. రెండు నిమిషాలు దాటినా అదే. ఇన్నాళ్లూ హమ్ చాటున వినబడిందనుకున్నది సగం అతని జ్ఞాపకమే. అక్కను చేజేతులా తనే చెరిపేశాడు.

బావ కళ్లు తెరిచాడు.

"ఏదో బరబర తప్ప గొంతు అందట్లేదు. నా చెవి పోయినట్టుంది. నీకు వినబడుతోందా?"

నిజం చెబుదామనే మెకానిక్ నోరు తెరిచాడు.

"వినబడుతోంది బావా."

"ఏమంటోంది?"

మెకానిక్ అతని చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగు వందలసార్లు విన్నవాడు కదా, ఒక్క మాట కూడా తప్పు పోలేదు.