కృతజ్ఞతల పేజీ

ఊల్జాన్ పుస్తకంలో ఊరి పేరు లేదు, జిల్లా పేరు లేదు. ఎంత జాగ్రత్తపడిందో పాపం! కొన్ని దేశాలు బాగుపడటం, కొన్ని చితికిపోవడం గనుల వల్లా పొలాల వల్లా కాదు, జనం నమ్మి నిలబెట్టుకున్న కట్టుబాట్ల వల్లనే అని పదకొండేళ్లు తిరిగి తేల్చింది ఆవిడ. దానికి దొరికిన గట్టి సాక్ష్యం తను పుట్టిన సరిహద్దు ఊరి కాలువ తూమే. చట్టం ప్రకారం కిర్గిజ్ నీళ్లు తాజిక్ వైపు పోకూడదు. అయినా ముప్పయ్యేళ్లుగా మంగళ, శుక్రవారాల్లో ఆ తూము తెరుచుకుంటూనే ఉంది. ఏటా తొలి నీళ్లనాడు రెండు వైపులా నీళ్లు పంచే నీరట్లు ఒక రొట్టె విరిచి చెరిసగం ఇంట్లో వేలాడదీసుకుంటారు. ఒప్పందానికి కాగితమూ అదే, సంతకమూ అదే.

బిష్కెక్ నుంచి ఆవిడ వచ్చేసరికి తూముకు సర్కారు తాళం, గట్టు పొడుగునా ముళ్లకంచె. అవతలి ఆప్రికాట్ తోటల్లో పిందెలు రాలిపోతున్నాయి. ఊరి నీరటి తొక్తోసున్, ఆవిడ బాబాయి, పార భుజాన వేసుకుని ఊరికే నిలబడి ఉన్నాడు.

"ఎవరు చెప్పారు బాబాయ్ వాళ్లకి?"

"ఎవరు చెప్తారే? పట్నం నుంచి ఒక దొర వచ్చాడు, నీ పుస్తకం చంకలో పెట్టుకుని. తొక్తోసున్ నువ్వేనా అన్నాడు."

"నీ పేరు నేనెక్కడా రాయలేదే!"

బాబాయి టోపీ మడతలోంచి ఒక కాగితం తీశాడు. ఆవిడే పంపిన పుస్తకంలోంచి చింపిన కృతజ్ఞతల పేజీ. "నీరు పంచడమెలాగో నాకు చూపిన మా బాబాయి, నీరటి తొక్తోసున్‌కు." పెద్దల పేరు తలవకుండా పుస్తకం మొదలుపెట్టడం మర్యాద కాదని రాసిన మాట. మూడొందల పేజీల్లో దాచిన గుట్టు ఆ ఒక్క ముక్కతో రట్టయింది.

"నేనేనయ్యా అని ఇది చూపించాను. మెచ్చుకోడానికొచ్చాడనుకున్నా తల్లీ. టీ కూడా పోశాను."

"నాదే తప్పు బాబాయ్."

"ఏడవకు. తూము తెరవమని ఇంకో పుస్తకం రాయి. నీ మాట వింటారుగా."

మూయడానికి విన్నారు, తెరవడానికి వినరు.

ఇంతలో అవతలి నీరటి సఫర్‌అలీ కంచె దగ్గరికొచ్చాడు. సలాం లేదు.

"పుస్తకంలోకెక్కావటగా తొక్తోసున్. మా చెట్లు పొయ్యిలోకెక్కుతాయిలే."

"సఫర్, నా మాట విను..."

వినలేదు. రొట్టెను నేలమీద పెట్టరు కాబట్టి, చేతిగుడ్డలో మూటకట్టి కంచెకు తగిలించి వెళ్లిపోయాడు.

బాబాయి ముళ్ల మధ్య చేయి పెట్టి మూట విప్పాడు. ఇన్నాళ్లూ సఫర్ ఇంట్లో వేలాడి, ఎండి బిగుసుకుపోయిన సగం రొట్టె. ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. చేతికి ముళ్లు గీరుకుని నెత్తురొస్తోంది, చూసుకోలేదు. కాగితం తీసి ఊల్జాన్ చేతిలో పెట్టాడు.

"నా పేరు కొట్టెయ్యమ్మా."