నాలుగో గొంతు

మా రేవు ముఖద్వారం ఎంత ఇరుకంటే, రెండు పడవలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. రెండు పక్కలా నీటి కింద బండలు. అందుకే పైన అద్దాల గదిలో నన్ను కూర్చోబెట్టారు. ఏ పడవైనా సరే, వైర్‌లెస్‌లో నన్నడిగి, నేను రమ్మంటేనే లోపలికి రావాలి. అందరూ నన్ను కంట్రోలక్క అంటారు. నోరు మంచిది కాదని కూడా అంటారు, నా వెనకాల. నిజమే. సముద్రం మీదున్నవాడికి మెత్తగా చెబితే ఎక్కుతుందా?

ఇక్కడొక పద్ధతి ఉంది. పొగమంచు పట్టిన రోజున ద్వారం దగ్గరికొచ్చిన పడవ ఆగి, లెక్క చెప్పాలి. పడవ నడిపే సరంగు మైకు నొక్కి పట్టుకుంటాడు. ఎక్కడివాళ్లక్కడ నిలబడి, పెద్ద నుంచి చిన్న దాకా, వరసగా తమ అంకె అరవాలి. ఒక్క అంకె తగ్గినా పడవ అక్కడికక్కడే వెనక్కి తిరిగి మనిషిని వెతకాలి. ముఖాలు కనపడనప్పుడు గొంతులనే నమ్ముకోవాలి మరి.

మా తమ్ముడి పడవలో నలుగురు. సరంగు, ఇంజను చూసేవాడు, ముందు నిలబడి దారి చూసే మనిషి, వెనక వలల దగ్గర మావాడు. అందరికంటే చిన్నవాడు కాబట్టి ఆఖరి అంకె వాడిది. ఉత్త అంకె చెప్పి ఊరుకుంటాడా? "నాలుగు, మహాతల్లీ" అంటాడు. "నాలుగు, టీ పెట్టించు" అంటాడు. రేవంతా వింటోందిరా వెధవా అని నేను తిడితే ఇంకా రెచ్చిపోతాడు. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది నేనే. తల్లిలాంటిదాన్ని కాబట్టే వాడికి నా దగ్గర ఆ చనువు.

ఆ పొద్దున అది మంచు కాదు, గోడ. కిటికీ బయట చెయ్యి పెడితే వేళ్లు కనపడలేదు. రాడార్ తెర నిండా ఉత్త చుక్కలే. బాగు చేయించండయ్యా అని పైవాళ్లతో మొత్తుకుంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. పడవలన్నీ ఒక్కొక్కటే లోపలికొచ్చేశాయి. మావాడిదే రాలేదు. వాడి పెళ్లాం, మా మరదలు, ఫోను మీద ఫోను చేస్తోంది. "వస్తాడులేవే, వాడెక్కడికి పోతాడు" అన్నాను. అన్నానే గానీ నా ప్రాణం నా దగ్గర లేదు.

చివరికి సరంగు పలికాడు. "అక్కా, ద్వారం దగ్గరున్నాం."

"లెక్క చెప్పండి."

"ఒకటి" అన్నాడు సరంగు. "రెండు" అని దగ్గుతూ ఇంజనువాడు. "మూడు" అని ముందు నుంచి దారి చూసేవాడు.

ఆ తరవాత ఏమీ లేదు. ఇంజను చప్పుడు, నీళ్ల చప్పుడు. వెనక్కి తిరగండి అనే మాట నోటిదాకా వచ్చింది.

"నాలుగు."

మావాడే. ఆ గొంతు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కాకపోతే దాని వెనక ఇంకో మాట లేదు. వేళాకోళం లేదు. అలిసిపోయుంటాడనుకుని "రండి" అన్నాను.

పడవ మలుపు తిరిగి లోపలికొచ్చిందో లేదో, ద్వారం బయట నీళ్లు ఎవరో తోసినట్టు లేచాయి. లంగరు తెగిన సరుకు ఓడ ఒకటి, హారన్ లేదు, దీపం లేదు, మంచులోంచి వచ్చి, పడవ ఆగి లెక్క చెప్పిన చోటు మీదుగా కొట్టుకుపోయి బండలెక్కింది. పడవ వెనక్కి తిరిగి ఉంటే వేరుశనక్కాయలా నలిగిపోయేది. వాణ్ణి ముందు రెండు తగిలించి తరవాత దగ్గరికి తీసుకుందామని మెట్లు దిగి పరిగెత్తాను.

ముగ్గురు దిగారు.

"వాడేడి?" అన్నాను.

"వెనకున్నాడక్కా. వల లాగాక కాసేపు నడుం వాలుస్తానని వలల మీద పడుకున్నాడు" అన్నాడు సరంగు. వెనక వలలున్నాయి, మనిషి లేడు. "ఇప్పుడేగా అరిచాడు" అన్నాడు ఇంజనువాడు. "నా వీపు వెనకే అరిచాడక్కా. నేను విన్నాను." ముగ్గురూ విన్నారు. ముగ్గురి ముఖాల్లోనూ నెత్తురు లేదు.

వెతికే పడవ వాళ్లు ఎంతోసేపు వెతకనక్కర్లేకపోయింది. ద్వారం బయట దారి గుర్తుకి కట్టిన బోయా పీపాను ఆనుకుని తేలుతున్నాడు. పోటు పోయి నీళ్లు బయటికి లాగుతున్నాయి, వీళ్లు వల లాగిందేమో ఎక్కడో నడిసముద్రంలో. మనిషి ఆ నీళ్లకి ఎదురొచ్చి అక్కడెలా ఉన్నాడో ఎవరూ చెప్పలేకపోయారు. లైఫ్ జాకెట్టు వేసుకోరా అని నేను నెత్తీ నోరూ కొట్టుకుంటే దాన్ని తలగడ చేసుకునే మనిషి. ఆ రోజు మాత్రం బకిల్స్ అన్నీ పెట్టుకుని ఉన్నాడు. తల వెనక దెబ్బ.

డాక్టరు చూసి, తెల్లవారకముందే పోయాడన్నాడు.

"ఇందాకే నాతో మాట్లాడాడండీ" అన్నాను.

"లేదమ్మా" అన్నాడు ఆయన, నా వంక జాలిగా చూసి.

ఏడుపు కంటే ముందు నాకు కోపం ముంచుకొచ్చింది. బతికున్నన్నాళ్లూ నాతో అబద్ధాలాడాడు. చచ్చాక కూడా ఆడాడు. ఉన్నానన్నాడు. వాడు ఉన్నాననకపోతే ఆ ముగ్గుర్నీ నేనే ఓడ కిందికి తిప్పి పంపేదాన్ని. అది తెలిసే కొద్దీ వాడి మీద కోపం పెరిగిందే గానీ తగ్గలేదు. అందరి గురించీ ఆలోచించావు, నా గురించి ఎవడు ఆలోచిస్తాడురా అని గోడకేసి తిట్టాను.

కొన్నాళ్లకి మళ్లీ మంచు పట్టింది. పడవలన్నీ లోపలికొచ్చాక, మరదలు మెట్లెక్కి వచ్చింది. చెప్పుల్లేవు. నాలుగు ముద్దలు తిని ఎన్నాళ్లయిందో, మనిషి చీపురుపుల్లలా ఉంది.

"ఆ రోజు పలికాడటగా వదినా. ఒక్కసారి పిలువు."

"పిచ్చి మాటలు మాట్లాడకు."

"నువ్వు పిలిస్తే పలుకుతాడు. నేనిక్కడే ఓ మూల పడుంటాను. రోజుకొక్కసారి వింటే చాలు, ఇంకేం వద్దు నాకు. ఇంటికి కూడా పోను."

అన్నంత పనీ చేస్తుందని దాని కళ్లు చూస్తేనే తెలిసింది. పిలిచి, పలకలేదని చూపిస్తే గానీ ఇది కదలదనుకున్నాను. అయినా ఎందుకైనా మంచిదని, దానికి వినపడకుండా స్పీకరు కట్టేసి చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. నీళ్ల మీద ఒక్క పడవ లేదు.

"లెక్క చెప్పండి" అన్నాను.

చాలాసేపు గరగర. మరదలు నా చీర కొంగు పట్టుకుని నా ముఖంలోకే చూస్తోంది.

"నాలుగు" అన్నాడు వాడు, నా చెవిలో, పక్కన కూర్చున్నంత దగ్గరగా. "దాన్ని ఇంటికి తీసుకుపో అక్కా. అది ఆకలికి ఓర్చుకోలేదు."

నా ముఖంలో ఒక్క గీత కదలకుండా ఎలా ఆపుకున్నానో నాకే తెలియదు.

"పలికాడా వదినా?"

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను.

"లేదే. ఎవరూ పలకలేదు. లే, ఇంటికి పోదాం. అన్నం వండుతాను."