రెండు తొమ్మిదులున్న ఆపిల్

జూబ్లీహిల్స్‌లోని ఆ పెద్ద దుకాణంలో పండ్లూ కూరగాయలూ సర్దేది అనసూయమ్మ. ఇంగ్లీషు అక్షరాలు రావు గానీ, ఆపిల్ పండ్ల మీద అంటించే చిన్న కాగితాల అంకెలు ఆమెకు కొట్టిన పిండి. నాలుగంకెలుంటే మామూలు పంట. అయిదంకెలుండి మొదటిది తొమ్మిదయితే మందులు కొట్టని పంట. కూరగాయలకైతే ఆ కాగితం కూడా అక్కర్లేదు. కార్లలో వచ్చేవాళ్లు అద్దంలా మెరిసే వంకాయల్నే ఏరుకుంటుంటే ఆమెకు నవ్వొస్తుంది, పురుగు కూడా వద్దనుకున్నది వీళ్లకెందుకని. రహమత్ నగర్‌కు రాకముందు ఇరవయ్యేళ్లు శంకర్‌పల్లి దగ్గర సేద్యం చేసిన మనిషి మరి!

శ్రీనగర్ కాలనీ నుంచి కరుణాకుమారి వారానికి రెండుసార్లు వచ్చేది. ఆవిడ భర్త పేరు బెన్‌హర్, సినిమాలకు డబ్బింగ్ చెప్పేవాడు. గొంతుకు ఆపరేషనయి మూడు నెలలైంది. గండం గడిచింది గానీ తిండి మీద ధ్యాస పోయి, మనిషి చిక్కి సగమయ్యాడు. మందులు కొట్టని పండ్లు పెట్టండి, తొమ్మిది అంకె చూసి కొనండి అని ఎవరో చెప్పారట. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, ఒక్కో ఆపిల్‌నూ వెలుతురుకు తిప్పి, తొమ్మిది కనబడగానే గుండెలకు హత్తుకునేది.

ఆ పండ్ల మీదున్న నంబరు 4129. తొమ్మిది ఉన్న మాట నిజమే, కానీ చివర్న ఉంది.

"ఈ పండయితేనే తింటున్నారండీ. నిన్న మొత్తం ఒకటి తినేశారు. నేను వంటింట్లోకెళ్లి ఏడ్చేశాను," అంది ఒకరోజు.

ఆ తొమ్మిది చివర్నుందని చెప్పాలనుకుంది అనసూయమ్మ. చెబితే ఆయన ఆ కాస్తా మానేస్తాడేమో. చెప్పకపోతే మనసు ఊరుకోవడం లేదు. తన పొలంలో మార్కెట్టుకు వెళ్లే టమాటాకు వారం వారం మందు కొట్టేవారు. తమ పిల్లల కోసం ఒక్క సాలు, ఒక వరస మొక్కలు మాత్రం చుక్క పడకుండా విడిగా ఉంచుకునేవారు. ఇంటి సాలు అనేవారు దాన్ని. పట్నంలో ఎవరు తింటారో ఆమె అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు ఆ తినేవాళ్లు ఎదురుగా నిలబడి కబుర్లు చెబుతుంటే సిగ్గుతో చచ్చిపోతోంది.

ఆదివారం చర్చి నుంచి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. కరుణాకుమారి పాల కోసం అటు వెళ్లగానే అనసూయమ్మ ఆయన దగ్గరకు నడిచింది.

"సార్, కోపం జెయ్యకుండ్రి. అమ్మ తీస్కపోయే పండ్ల మీద తొమ్మిది ఎనుక ఉంటది. అది ముంగట ఉండాలె. గవి మందు కొట్టినయే సార్."

బెన్‌హర్ బొంగురుగా నవ్వాడు. "మొదటి రోజే చూశానమ్మా. ముప్పయ్యేళ్లు మసక వెలుతుర్లో డైలాగు కాగితాలు చదివినవాణ్ణి."

"మరెట్ల తింటున్నరు?"

"నాకిప్పుడు రుచి తెలియదు. ఆపిలైనా అట్టముక్కయినా ఒకటే. కానీ ఒక్క పండు కోసం మా ఆవిడ ఇక్కడ గంటసేపు నిలబడి వెతుకుతుంది. మోకాళ్ల నొప్పుల మనిషి. ఎలా వద్దంటాను? దయచేసి ఆవిడకి చెప్పకండి."

అనసూయమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

తొమ్మిది ముందున్న ఆపిళ్ల పెట్టె వారానికి ఒకటే వచ్చేది. విప్పీ విప్పకముందే ఖాళీ అయ్యేది. ఈసారి అది రాగానే అనసూయమ్మ ఆరు పండ్లు పక్కన దాచి, కరుణాకుమారి రాగానే చేతిలో పెట్టింది. ఆవిడ వెలుతురుకు తిప్పి చూసింది. 94129.

"ముందొకటి, వెనకొకటి! రెండు తొమ్మిదులున్నాయండీ! ఇది ఇంకా మంచిదా?"

"అవునమ్మా," అంది అనసూయమ్మ. "గిది ఇంటి సాలుది."

కరుణాకుమారికి ఆ మాట అర్థం కాలేదు. పండును మాత్రం గుండెలకు హత్తుకుంది.