కాలి కింద బ్రేకు

ఇబ్రహీంపట్నం వ్యాన్ల అడ్డాలో ఒక మాడల్ వ్యాన్‌ను కంపెనీ పేరుతో ఎవరూ పిలవరు. జారుడు బండి అంటారు. ఇంజన్ గట్టిది, సీట్లు మెత్తనివి, అద్దాలు పెద్దవి. హ్యాండ్‌బ్రేక్ మాత్రం పేరుకే ఉంటుంది. కొత్త కేబుల్ వేసినా నాలుగు రోజులకే సాగిపోతుంది. అందుకే ఏటా రవాణా ఆఫీసులో ఫిట్‌నెస్ పరీక్షకు పోయినప్పుడు ఆ బండ్లన్నీ ఒక్కచోటే ఫెయిలవుతాయి, హ్యాండ్‌బ్రేక్ చూసే ఎత్తు మీద.

దానికి అడ్డా వాళ్లు ఓ ఉపాయం కనిపెట్టారు. చేత్తో హ్యాండ్‌బ్రేక్ లాగి, కాలితో మామూలు బ్రేకును గుట్టుగా తొక్కిపెట్టాలి. వెనక ఎర్రలైటు వెలిగితే గుట్టు బయటపడుతుంది కాబట్టి, లైట్ల తనిఖీ కాగానే దాని ఫ్యూజు పీకేయాలి. జంగా అనే పాత డ్రైవరు నేర్పిన ఘనమైన విద్య ఇది. జారుడు బండి నడిపే జాకబ్ కూడా రెండేళ్లుగా దీనితోనే గట్టెక్కుతున్నాడు.

ఈసారి గట్టెక్కకపోతే బతుకు రోడ్డున పడుతుంది. తెల్లవారితే బడులు తెరుస్తారు. ఫిట్‌నెస్ లేకుండా వస్తే బొంగులూరు బడి పిల్లల ట్రిప్పు వేరేవాళ్లకు ఇస్తామని హెడ్‌మాస్టర్ మొహం మీదే చెప్పాడు. జాకబ్ ఇల్లు నడిచేది ఆ ట్రిప్పు మీదే.

టైర్లు, లైట్లు, హారన్ అన్నీ పాసయ్యాయి. ఫ్యూజు జేబులోకి చేరింది. ఇన్‌స్పెక్టర్ బండిని ఎత్తు మీదికి ఎక్కించి, ఇంజన్ ఆపి, గేరు తీసి, హ్యాండ్‌బ్రేక్ లాగమన్నాడు. జాకబ్ చెయ్యి లాగింది, కాలు అదిమింది. బండి కదల్లేదు. ఆయన మెచ్చుకోలుగా తలూపి, బండి వెనక్కి నడిచి, మోకాళ్ల మీద కూర్చుని కిందికి తొంగిచూడసాగాడు.

జాకబ్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. అద్దంలో ఆయన వీపు ఒక్కటే కనిపిస్తోంది. ఇంజన్ ఆగేసరికి బ్రేకు రాయిలా బిగుసుకుంది. పిక్క పట్టేసింది, కాలు వణుకుతోంది. గేరు వేస్తే చప్పుడుకే దొరికిపోతాడు. నోరు తెరిస్తే ట్రిప్పు పోతుంది. బండి కిర్రుమంది.

“సార్, జర పక్కకు జరుగుండ్రి. హ్యాండ్‌బ్రేక్ ఆగది. నేను కాలుతోని ఆపిన.”

ఇన్‌స్పెక్టర్ ఒక్క ఉదుటున పక్కకు వచ్చాడు. జాకబ్ గేరు వేసి దిగాడు. ఆయన తిట్టలేదు, చేతులు దులుపుకొని పెన్ను తీశాడు. ఈ ఒక్కసారికి వదిలేయమని, బడి తెరిచిన వారంలోనే బాగు చేయిస్తానని జాకబ్ బతిమాలాడు. బడి దగ్గర కూడా ఎత్తేనా అని ఆయన అడిగాడు. అవునన్నాడు జాకబ్. తాను బ్రేకు మీద కాలు తీయడని, పిల్లల్ని తన భార్య స్టెల్లా దించుతుందని ధీమాగా చెప్పాడు.

“ఏడ నిలబడి దించుతది?”

పిల్లలు దిగే తలుపు బండికి వెనకే ఉంది. రెండేళ్లుగా, ఎండనక వాననక, స్టెల్లా సరిగ్గా ఆ వెనకే నిలబడి ఒక్కో పిల్లను చంకల కింద పట్టి దించుతోంది. ఇందాక ముక్కూమొహం తెలియని మనిషి కోసం పడ్డ భయం, ఆమె కోసం తను ఒక్కనాడూ పడలేదు. జాకబ్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

“ఎనక నిలబడి,” అన్నాడు. “రాయుండ్రి సార్, ఫెయిలని రాయుండ్రి.”