చివరి మనిషి దాటాక

పొద్దున్నే కాలువకి ఒక వాసన ఉంటుంది.

తడిరాయి వాసన. నాచు వాసన. రాత్రంతా నీళ్ళలో నానిన కర్ర వాసన... ఎండ ఎక్కేకొద్దీ అది పోతుంది. అందుకే నడక పొద్దున్నే మొదలవ్వాలని ఆయన పట్టుదల.

ఆయన ముందు నడుస్తాడు. ఆమె వెనక నడుస్తుంది.

మధ్యలో ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు.

పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన పని ఇది. పాత కాలువల వెంట, వంతెనల మీదుగా, ఒకప్పుడు సరుకు పడవలు ఆగిన రేవుల మీదుగా జనాన్ని నడిపించి ఊరి కథ చెప్పడం. చెప్పేది ఆయన — ఎర్రగొడుగు పైకెత్తి పట్టుకుని, గొంతెత్తి. ఆమె పని వేరు. ఎవరూ తప్పిపోకుండా చూడటం. ఫొటోల దగ్గర ఆగిపోయినవాళ్ళని కదిలించడం. చెప్పు తెగితే పిన్నీసు ఇవ్వడం.

మా నడకకి తలా ఉంది, తోకా ఉంది అని ఆయన జనాన్ని నవ్వించేవాడు. తలా తోకా లేనివి ఆయన కథలే అని ఆమె అనేది.

నిజం చెప్పాలంటే ఆ కథలు ఆమె ఏనాడూ సరిగా విన్నది లేదు. అంత వెనక నుంచి ఏం వినిపిస్తుంది? గొడుగు ఆగేది. జనం ఆగేవారు. ఓ నవ్వు లేచేది. గొడుగు కదిలేది... ఆమెకి ఈ ఊరంటే వీపులే. చొక్కాల వీపులు, జడల వీపులు, సంచులు మోసే వీపులు. వీపు చూసి మనిషి సంగతి చెప్పగలదు. ఎవరికి ఆకలేస్తోందో, ఎవరు ఇంట్లో పోట్లాడి వచ్చారో.

ఎవరు నడవలేకపోతున్నారో.

అదే ఆమె అసలు విద్య. నెమ్మదిగా నడిచేవాళ్ళని వెనక ఉండనివ్వకూడదు. సిగ్గుపడి గబగబా అడుగులేస్తారు, పడతారు. వాళ్ళని ముందుకి పంపాలి. ముందున్న మనిషి నెమ్మదిగా నడిస్తే వెనక అందరూ నెమ్మదిగానే నడుస్తారు — ఎందుకో ఎవరికీ తెలియదు. కానీ ఆ మాట పైకి అనకూడదు. "ఆయనకి చెయ్యి నొప్పిగా ఉందట, కాస్త గొడుగు పట్టుకుంటారా?" అనాలి. అంతే. గొడుగు అందుకున్న మనిషి పెళ్ళివారిలో పెద్దలా బయల్దేరుతాడు.

ఎంతమందికి ఇప్పించిందో ఆ గొడుగు!

ఇప్పుడు ఆమె మోకాలు.

వానలు వెళ్ళాక మొదలైంది నొప్పి. మెట్లు ఎక్కేటప్పుడు పర్వాలేదు. దిగేటప్పుడే... లోపల రాయికి రాయి ఒరుసుకున్నట్టు ఉంటుంది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఊరుకుంది. చెబితే ఏమవుతుంది? ఇంట్లో కూర్చోమంటాడు. ఆ చోటికి ఇంకో మనిషిని పెట్టుకుంటాడు. పొద్దున్నే ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోతే, కడిగేసిన గిన్నెల మధ్య, ఆమె ఏం చేయాలి?

కూర్చోవడం అంటే ఆమెకి భయం. చచ్చేంత భయం.

అందుకే వంతెన దిగేటప్పుడు చెప్పు సర్దుకుంటున్నట్టు వంగేది. నీళ్ళలో ఏదో కనబడినట్టు ఆగేది. ఆయన వెనక్కి తిరిగి చూసే మనిషి కాదు కదా అని ధైర్యం.

ఈవేళ గుంపులో ఓ పెద్దాయన ఉన్నాడు. తెల్ల టోపీ, చేతిలో కర్ర. ఆమెకి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఈయన్ని ముందుకి పంపితే నడక మొత్తం నెమ్మదిస్తుంది. తన మోకాలు ఎవరి కంటా పడదు.

"బాబాయిగారూ, ఇలా రండి. మా ఆయనకి చెయ్యి నొప్పిగా ఉందట, కాస్త గొడుగు పట్టుకోవాలి."

చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకెళ్ళింది.

ఆమె భర్త పెద్దాయన్ని చూశాడు. ఆమెని చూశాడు. ఆమె కాలు చూశాడు.

గొడుగు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"నాకు చెయ్యి నొప్పిగా ఉంది. నువ్వు పట్టుకో," అన్నాడు.

అదే మాట. పొల్లు పోకుండా.

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. చుట్టూ జనం. ఏమనగలదు?

"మరి వెనక ఎవరుంటారు?" అంది, పళ్ళ బిగువున.

"నేనుంటానమ్మా," అన్నాడు పెద్దాయన. "రైల్లో గార్డుని నేను. ఉద్యోగమంతా చివరి పెట్టెలోనే అయిపోయింది. ముందు నడవమంటే నాకేమీ తోచదు."

"కర్ర పట్టుకుని అంత దూరం..."

"ఇది కాలికి కాదు తల్లీ, కుక్కలకి!"

అని కర్ర గాల్లో ఆడిస్తూ వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ నడక చూసి ఆమెకి ఇంకా మండింది.

ముందు ఎవరి వీపూ లేదు.

కాలువ ఉంది. రెండు పక్కలా నీళ్ళలోకి దిగిన ఇళ్ళు, గోడల మీద పాత వరదలు వదిలిన చారలు, సరుకు పైకి లాగడానికి ఎప్పుడో దిగగొట్టిన ఇనప కొక్కేలు. ఇవన్నీ ఇన్నేళ్ళూ మనుషుల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా చూసింది. ముక్కలన్నీ ఇప్పుడు కలిశాయి... బాగుంది. బాగుందని ఒప్పుకోవడం ఇష్టం లేక గబగబా నడిచింది.

రోషం మోకాలికి మందు కాదు. నాలుగు అడుగుల్లో తెలిసొచ్చింది.

లాకుల దగ్గర అందరూ తొంగి తొంగి నీటి తలుపులు చూస్తుంటే, ఆయన పక్కకి వెళ్ళి అంది — "నన్నూ నడవలేనివాళ్ళలో కలిపేశారన్నమాట."

"నువ్వు వెనకుంటే మాటిమాటికీ తిరిగి చూసుకోవాల్సొస్తోందే. మెడ పట్టేస్తోంది."



ఆ మెడకి మందు రాస్తున్నది తనే. వానలు వెళ్ళినప్పటి నుంచి. తలగడ ఎత్తయిందని ఒకసారి, గొడుగు దించి పట్టుకోండని ఒకసారి తిట్టింది కూడా. ఆయన ఆ తిట్లన్నీ తిని, మెడ వంచుకుని రాయించుకున్నాడు...

కోపం ఎటు పోయిందో పోయింది. భయం మాత్రం పోలేదు. గొడుగు పట్టుకున్న మనిషి మర్నాడు మళ్ళీ నడకకి రావడం ఆమె ఏనాడూ చూడలేదు.

తర్వాతి వంతెన. అంచు రాళ్ళకి వేలు పట్టేంత లోతు గాడులు. పూర్వం గట్టు మీంచి పడవల్ని లాగిన తాళ్ళు ఒరుసుకుని ఒరుసుకుని పడినవి. "దీన్ని అందరూ దెబ్బ అనుకుంటారు," అంటున్నాడు ఆయన. "దెబ్బ కాదు. ఎంత బరువు ఇటుగా దాటిందో రాయి రాసిపెట్టుకుంది." జనం వంతులవారీగా గాడుల్లో వేళ్ళు పెట్టి చూశారు.

రోజూ చెప్పే మాటేనా? ఈవేళ కొత్తగా చెప్పాడా?

 

చివరి వంతెన నిటారుగా ఉంటుంది. ఎక్కింది. వంతెన నడినెత్తి మీద నిలబడి దిగే మెట్లు చూసింది. ఒక కాలు కిందకి పెట్టబోయింది...

పెట్టలేకపోయింది.

గొడుగు ఆగింది. జనం ఆగారు. ఆయన చప్పున ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడ... ఈ మలుపు దగ్గర... పూర్వం..."

ఇక్కడ కథ లేదు. ఈ వంతెన మీద గొడుగు ఏనాడూ ఆగలేదు. వెనక నుంచి చూసిన మనిషికి ఆ మాత్రం తెలియదా? ఊరి చరిత్రలో ఒక్క ఏడాది అటూ ఇటూ అయినా ఒప్పుకోని మనిషి, ఆమె మోకాలి కోసం అబద్ధం వెతుక్కుంటున్నాడు. వెతుక్కోవడం కూడా చేతకావడం లేదు. ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పూర్వం ఏం జరిగిందండీ?" ఎవరో అడిగారు.

"పూర్వం కాదు," అంది ఆమె.

తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

"రోజూ జరిగేదే. మనం దాటిపోయాక జరుగుతుంది. చివరి మనిషి దాటాక. అందుకని మీరెవరూ చూసి ఉండరు. కాసేపు మాట్లాడకండి. కదలకండి."

గొడుగు మడిచింది.

నిలబడ్డారు అందరూ. దగ్గులు ఆగాయి. చెప్పుల చప్పుడు ఆగింది. వెనక పెద్దాయన చెయ్యి ఎత్తాడు, అంతా సరిగ్గానే ఉందన్నట్టు.

ముందు ఒక కిటికీ తెరుచుకుంది. జనం సందడికి మూసుకున్న కిటికీ. ఒక చెయ్యి బయటికొచ్చి తడిబట్ట దులిపి ఆరేసింది. ఏదో పడవ చీల్చిపోయిన నాచు, రెండు వైపుల నుంచీ మెల్లగా వచ్చి కలుసుకుంది. ఇంకెక్కడో ఒక పాప పాఠం అప్పజెబుతోంది — తప్పు, మళ్ళీ మొదటి నుంచి...

అప్పుడు వచ్చింది. వంతెన కిందనుంచి, నల్లగా, నీళ్ళు కారుతూ. నీళ్ళలో నిలిచిన పాత గుంజ మీదకెక్కి రెండు రెక్కలూ చాపి ఎండకి పట్టింది.

నీటికాకి.

ఆయన నోరు తెరుచుకు చూస్తున్నాడు. కాలువ పాడైపోయిన రోజుల్లో ఈ పక్షులన్నీ వెళ్ళిపోయాయని, నీళ్ళు బాగుపడ్డా తిరిగి రాలేదని జనానికి రోజూ చెప్పేది ఆయనే. 

"ఎప్పుడొచ్చిందే ఇది?"

"ఎప్పుడో వచ్చేసిందండీ. రోజూ వస్తుంది."

"నాకెందుకు చెప్పలేదూ?"

"వెళ్ళిపోయాయని మీరు చెబుతున్నట్టు నాకు వినబడితే కదా."

ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. పక్షి బెదిరిపోతుందని గొంతు బాగా తగ్గించి, "ఇంకా ఏమేం జరుగుతాయే?" అన్నాడు.

ఆమె పిట్టగోడ మీద కూర్చుంది. కాలు బారచాపుకుంది — అందరి ఎదుటా, దాచుకోకుండా. ఎలా దిగాలో తెలియదు. రేపు ఎక్కగలదో లేదో తెలియదు...

"చాలా ఉన్నాయి," అంది. "కూర్చోండి."