పరీక్షకు ముందు వారం

పొయ్యి ముందు కూర్చున్న పవిత్ర చేతిలోంచి ఊదుగొట్టం లాక్కుంది అత్త కదిరమ్మ. "పోయి పండుకోపో. నీళ్ళు నేను కాగబెడతా."

హిందూపురం పరీక్ష దగ్గరపడిందన్నమాట. ఆ ఇంట్లో క్యాలెండరు చూడనక్కర్లేదు, అత్త గొంతులో తేనె ఊరితే చాలు.

పవిత్ర ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న గాలిబుడగలు పుడుతున్నాయి. దాదాపు ఆడవాళ్ళకే, అదీ ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బట. అది ఏ మనిషిలో ఎంత వేగంగా ముదురుతుందో తెలుసుకోవడానికి డాక్టర్ ఫిర్దోస్ కొందరు ఆడవాళ్ళను ఏళ్ళ తరబడి పరీక్షిస్తోంది. నాలుగు నెలలకోసారి పవిత్ర పెనుకొండ నుంచి బస్సెక్కి హిందూపురం ఆసుపత్రికి వెళ్ళి, మిషను గొట్టంలోకి ఊది, అక్కడి వరండాలో నడిచి రావాలి. కడుపొస్తే జబ్బు ముదిరే ప్రమాదం ఉందని డాక్టరు మొదట్లోనే చెప్పింది. ఇంట్లోవాళ్ళు మాత్రం దాన్ని పదో తరగతి పరీక్షలా అర్థం చేసుకున్నారు. పాసైతే రెండో కాన్పు. "ఒక్క ఆడపిల్లతో యాడ ఆపేది?" అని కదిరమ్మ. "ఊపిరి బాగుండాదని డాక్టరమ్మ ఒక్క మాటంటే చాలు" అని మొగుడు రాజశేఖర్.

అందుకే ఆ వారం ఆమెకు పూటకో గుడ్డు. చీపురు పట్టనివ్వరు. కార్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రాజశేఖర్ తన టిఫిను డబ్బా తనే కడిగి, కడిగినట్టు అందరికీ వినబడేలా బోర్లిస్తాడు. మొదటిసారి పవిత్ర ఇదంతా ప్రేమే అనుకుని, ధర్మవరంలో ఉన్న అమ్మకు ఫోన్ చేసి ఏడ్చింది కూడా. పిచ్చిది. పరీక్ష అయిన మర్నాడే ఊదుగొట్టం తిరిగి ఆమె ఒళ్ళో పడింది. సంతకు తోలే ముందు గొర్రెను మేపినట్టు మేపారని అప్పటికి అర్థమైంది. మామూలు రోజుల్లో ఆగి ఆగి ఊదుతుంటే "ఇంట్లో కూర్చోని చేసే పనికి ఆయాసమేందే?" అనేది ఈ రాజశేఖరే. ఈ వారం తను లేవకపోయినా నీళ్ళు కాగుతున్నాయి, బిడ్డ బడికి పోతోంది, మొగుడికి ఫ్యాక్టరీ బస్సు తప్పిపోవడం లేదు. ఇన్నేళ్ళూ ఇలా జరగడానికి అడ్డమేమిటో పవిత్రకు పడుకున్నచోట ఎంత ఆలోచించినా తోచలేదు. కోపం మాత్రం వచ్చింది.

ఆసుపత్రిలో డాక్టర్ ఫిర్దోస్ కంప్యూటరు చూసి, "పోయినసారి కంటే ఊపిరి తగ్గలేదు. నడక కాస్త మెరుగైంది కూడా" అంది.

వెంట వచ్చిన రాజశేఖర్ కుర్చీలో ముందుకు జరిగాడు. "అయితే మేడం, ఇంకో బిడ్డకు..."

"ఆగండి. పవిత్రా, ఇంట్లో పనులు రోజూలాగే చేసుకుంటున్నావా?"

"రోజూలాగే మేడం" అన్నాడు రాజశేఖరే. "ఇంట్లో పనేముంటాది, ఊరికే ఉంటాది."

పవిత్ర అతనివైపు చూడలేదు.

"ఊరికే ఉండింది ఈ వారమే మేడం. పరీక్ష వస్తాందంటే కూర్చోబెట్టి గుడ్లు పెడతారు. ఇప్పుడు ఊదింది సెలవు తీసుకున్న ఊపిరి. మిగతా రోజుల్లో కట్టెపొయ్యి ఊది లేస్తే గోడ పట్టుకోవల్ల. ఇంకో బిడ్డ నాకొద్దు. అది కూడా రాసుకోండి."

డాక్టరు కంప్యూటరు వదిలి కుర్చీ పవిత్రవైపు తిప్పుకుంది. "ప్రతిసారీ ఇంతేనా? అట్లయితే మేం చూసిందంతా తప్పు లెక్క. వచ్చే నెల మళ్ళీ రా. నువ్వు మామూలుగా ఎట్లా ఉంటావో అట్లాగే ఉండి రా."

బస్సులో పెనుకొండ కొండ కనబడగానే రాజశేఖర్ ఆమెవైపు తిరిగాడు. "బాగొచ్చిన రిజల్టు చెడగొట్టుకుంటివి కదే" అన్నాడు.

తెల్లారి కదిరమ్మ పొయ్యి దగ్గరికి పిలిచి, ఊదుగొట్టం చాపింది. గొంతులో తేనె అయిపోయింది. "పరీక్ష అయిపాయ గదా. కూర్చో."

పవిత్ర చేయి చాపలేదు.

"డాక్టరమ్మ మామూలుగా ఉండి రమ్మనింది అత్తా. పోయిన వారం ఎట్లుంటినో అట్లే ఉంటా. ఇంకమీద అదే నా మామూలు."